నెమ్మదించిన కడుపు

తెల్లారినప్పటి నుంచి బాత్రూం తలుపు చప్పుడు చేయలేదు. ఆ తలుపుకు గొళ్ళెం సరిగా పడదు. వేసిన ప్రతిసారీ ఒక మూలుగు మూలిగి టక్కున కొట్టుకుంటుంది. నిన్నటి దాకా ఆ మూలుగు, ఆ టక్కు, కాసేపటికి నీళ్ళు వదిలిన హోరు, మళ్ళీ మూలుగు, ఇదే ఆమెకు గడియారం. ఇవాళ కిటికీ ఎండ జరుగుతూ జరుగుతూ మంచం కాళ్ళ దాకా వచ్చింది, ఆ తలుపు మాత్రం నోరు మెదపలేదు. భర్త వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. చేతికి సెలైను గొట్టం, గడ్డం మాసి ఉంది, పెదవులు ఎండి ఉన్నాయి. నిద్రేనా ఇది, మగతా? నిద్రే అయ్యుంటుంది, ఇన్నాళ్ళకు పట్టిన నిద్ర, పాపం, పట్టనీ. తగ్గించావు తండ్రీ, అనుకుంది. బాత్రూంకి వెళ్ళే సార్లు తగ్గించు అని కదా అడిగాను, అంతకు మించి ఏమీ అడగలేదు కదా, తగ్గించావు. ఇంకో గంటలో పెద్ద డాక్టరు వస్తాడు. ఆసుపత్రిలో చేర్చిన రోజు ఆ డాక్టరు చెప్పిన మాట ఆమె గుండెలో మేకులా దిగి ఉంది. "స్టెరాయిడ్ సూదిమందు మొదలుపెట్టాం. మూడో రోజు చూస్తాను. పని చేస్తే సరే. లేదంటే ఆపరేషన్ మాట మాట్లాడుకోవాలి, పెద్ద పేగు తీసేయాల్సి రావచ్చు." ఇవాళే ఆ మూడో రోజు. ఇవాళే తలుపు నెమ్మదించింది. ఇంతకంటే ఇంకేం కావాలి, మరెందుకు ఈ మనసు గంపకింద కోడిలా కొట్టుకుంటోంది?

వరండాలో వదిన గొంతు వినబడుతోంది. భర్తకు అక్క. ఆవిడ ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళకు ఫోను అక్కర్లేదు. "ఆఁ, తగ్గింది. మా తమ్ముడు పొద్దుటి నుంచి ఒక్కసారి లేస్తే ఒట్టు. అంతా పైవాడి దయ. మా మరదలు కూడా మొక్కని మొక్కు లేదనుకో." ఆ తర్వాత ఇంకొకరికి, అవే మాటలు, ఈసారి కాస్త ఏడుపు కలిపి. వదినకు ఏదైనా గొంతులోనే ఉంటుంది, సంతోషమైనా, జబ్బయినా. కాలికి ముల్లు గుచ్చుకుంటే వీధి వీధంతా వచ్చి పరామర్శించి వెళ్ళేది. ఆ ఇంట్లో జబ్బును చప్పుడుతోనే కొలిచేవాళ్ళు. అత్తగారు అంటూ ఉండేది, అరిచినవాడికి అరచెంచా, ఊరుకున్నవాడికి ఉత్త నీళ్ళు అని. మందు సీసాలో అడుగున కాస్త మిగిలితే అది అరిచినవాళ్ళకే. ఈయన ఊరుకునే రకం. చిన్నప్పుడు చెయ్యి విరిగితే రెండో రోజు దాకా ఎవరికీ తెలియలేదట, అన్నం ఎడమచేత్తో తింటున్నాడేమిటని ఎవరో అడిగితే అప్పుడు బయటపడిందట. అత్తగారు ఆ కథ గర్వంగా చెప్పేది. పెళ్ళయిన కొత్తలో తనూ గర్వంగానే విన్నది. నిబ్బరం గల మనిషి అనుకుంది. ఇప్పుడాలోచిస్తే, విరిగిన చేత్తో ఒక రాత్రి పడుకున్న పిల్లాణ్ణి తలుచుకుంటే, అందులో గర్వపడడానికి ఏముంది?

నర్సు రోజుకు ఎన్నోసార్లు వచ్చి అడుగుతుంది, పదింటిలో నొప్పి ఎంత అని. సున్నా అంటే లేనట్టు, పది అంటే భరించలేనట్టు. ఈయన ఎప్పుడూ ఒకే మాట, "నాలుగు." చేరిన రోజు దుప్పటి పిడికిట్లో పట్టుకుని, చెమటలు కారుతూ, నాలుగు. కాస్త నెమ్మదించాక టీవీ చూస్తూ, నాలుగు. "ఏమిటి బాబాయ్, మీకు నాలుగు తప్ప అంకెలు రావా?" అంది నర్సు నవ్వుతూ. "వచ్చమ్మా, ఇంకోటి చెబితే మా ఆవిడ కంగారు పడుతుంది." కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించి, కొన్నవాళ్ళ ముఖానికి సరిచేసే పని ఆయనది. వచ్చినవాళ్ళ కళ్ళముందు ఒక అద్దం పెట్టి, ఇంకో అద్దం మార్చి, ఇది బాగుందా అది బాగుందా అని అడగడం రోజంతా వింటాడు. ఇంటికొచ్చి చెప్పేవాడు, "సగం మందికి తేడా తెలీదే, మనం ఏదంటే అదే బాగుందంటారు, మనల్ని నొప్పించకూడదని." మరి నువ్వు చేస్తున్నదేమిటయ్యా మహానుభావా, అని ఇప్పుడు ఆమె మనసులో అనుకుంది. నీ నొప్పి ఇంతని నువ్వు చెప్పకపోతే చూసేవాళ్ళం దేన్ని చూసి తెలుసుకోవాలి? నేను తలుపును చూశాను. నాకు దొరికింది ఆ తలుపే.

అసలు ఈ జబ్బు ఎక్కువ, తక్కువ అనేదాన్ని ఎవరు నిర్ణయిస్తారో ఆమెకు మొదటి నుంచీ అంతుబట్టలేదు. పేరు నోరు తిరగడానికే నెల పట్టింది, అల్సరేటివ్ కొలైటిస్ అట, ఇంట్లో పేగుపుండ్ల జబ్బు అనుకునేవాళ్ళు. కెమెరా పెట్టి చూసినప్పుడు పెద్దపేగులో ఎడమ సగం వరకే ఉంది, అదృష్టవంతులు అన్నారు. సగమే కదా అని ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మరి పక్క మంచం పెద్దాయనకు జబ్బు పేగు మొత్తం ఉందట, ఆ చివర నుంచి ఈ చివర దాకా. ఆయన ఏదో రక్తం ఎక్కించుకోవడానికి వచ్చాడు, కూర్చుని అరటిపండ్లు తింటాడు, రేడియో వింటాడు, నర్సుల పెళ్ళిళ్ళు కుదురుస్తాడు. నిన్న ఆమె తేరిపార చూస్తుంటే ఆయనే అన్నాడు, "నాది పెద్ద ఎస్టేటమ్మా, పంట తక్కువ. మీ ఆయనది చిన్న మడిచెక్క, మూడు పంటలు పండుతోంది." నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. చిన్న డాక్టరమ్మను అడిగింది. ఆ పిల్ల తన తెల్లకోటు చెయ్యి చాపి చూపించింది. ఇదిగో ఆంటీ, మోచేతి దాకా ఎర్రగా కందింది అనుకోండి, అది ఎంత మేర పాకిందీ అన్నది. ఈ మణికట్టు దగ్గరే, ఇంత చోటే, కానీ లోతుగా కాలింది అనుకోండి, అది ఎంత తీవ్రమైందీ అన్నది. రెండూ ఒకటి కావు. పాకింది తక్కువైనా మంట ఎక్కువ ఉండొచ్చు. మంట తక్కువైనా పాకింది ఎక్కువైతే ముందు ముందు ప్రమాదం ఉండొచ్చు. అప్పుడు అర్థమైనట్టే ఉంది. మంచం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చిక్కుపడింది. ఎవరికి కష్టం? కందినవాడికా, కాలినవాడికా? రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, రక్తం ఎంత పడుతోంది, జ్వరం ఉందా, నాడి ఎంత, రక్తపరీక్షలో ఏముంది అని అడుగుతారు. అవన్నీ కలిపితే ఒక మాట వస్తుంది, కొంచెమనో, మధ్యస్థమనో, తీవ్రమనో. ఒకప్పుడు రక్తం కనిపిస్తున్నా పరీక్ష బాగుందన్నారు. ఇంకోసారి ఈయన హాయిగా తిరుగుతుంటే, లోపల పుండ్లు అలాగే ఉన్నాయి, మందులు ఆపొద్దన్నారు. హాయిగా ఉన్నవాడికి జబ్బేమిటి, జబ్బున్నవాడికి హాయేమిటి. నీరు పల్లమెరుగు నిజం దేవుడెరుగు అంటారు. ఆయనకే తెలియాలి. తెలిసినవాడు కాస్త గట్టిగా చెప్పొచ్చు కదా.

ఆ సిగరెట్ల సంగతి తలుచుకుంటే ఇంకా అయోమయం. పెళ్ళయినప్పటి నుంచి ఆయన చేత సిగరెట్లు మానిపించమని దేవుణ్ణి అడిగిందే అడిగింది. ఒక రోజు ఎవరూ చెప్పకుండానే మానేశాడు. ఆ రోజు ఇంట్లో దేవుడి ముందు ఆమె ఎంత సేపు కూర్చుందో. కొన్ని నెలలకు మొదటిసారి రక్తం కనబడింది. డాక్టరు వివరాలన్నీ అడిగి, సిగరెట్లు ఎప్పుడు మానారు అని కూడా అడిగి, ఈ జబ్బులో కొందరికి మానేశాక బయటపడుతుందమ్మా, ఎందుకో పూర్తిగా తెలియదు, అయినా మానడమే మంచిది, మళ్ళీ ముట్టుకోకూడదు అన్నాడు. మంచిపనికి ఇదా ఫలం? లేదు లేదు, అలా అనుకోకూడదు. అది ఒక్కటే కారణం కాదని డాక్టరు అన్నాడుగా. మోకాలి నొప్పికి షాపులో ఎవరో ఇచ్చిన బిళ్ళలు మింగాడు, అదీ కారణమే అన్నారు. మధ్యలో బాగుందని మందు వేసుకోవడం మర్చిపోయాడు, అదీనూ. ఆ వేసవిలో వదినతో ఆస్తి గొడవ, అది ఎవరూ అనలేదు, కానీ ఆమె అనుకుంది. ఎన్ని కారణాలు చేరిస్తే ఒక జబ్బు ఇంతదవుతుంది? ఒక్కటి తీసేస్తే తగ్గేదా? తను అడగకపోతే, తను అడిగింది దేవుడు వినకపోతే. ఆలోచన పోయి పోయి దేవుడి గడప దగ్గర ఆగింది. అక్కడి నుంచి ముందుకు పోవడానికి ఆమెకు కాలు రాలేదు.

దుప్పటి జారిపోతే సర్దబోయింది. చెయ్యి ఆయన పొట్టకు తగిలింది. ఆగింది. నిన్న వీపుకు అంటుకుపోయిన పొట్ట. ఇన్ని రోజులుగా తిండి లేని మనిషి. ఇప్పుడు చేతి కింద గట్టిగా, బిర్రుగా, పైకి లేచి ఉంది, పైజామా బొందు ఒరిసి ఎర్రటి గీత పడింది. బొందు నిన్న ఆమే వదులుగా కట్టింది. బలం వచ్చిందేమో. గ్యాసేమో. చెయ్యి తియ్యలేదు. మెడ పక్కన నరం చూసింది, చిన్న పిట్ట గుండెలా టపటపా కొట్టుకుంటోంది. నిద్రపోయే మనిషి మెడ అలా కొట్టుకుంటుందా? పనికి వెళ్ళే తల్లులు పసిపిల్లల్ని వదిలి వెళ్ళే చోట ఆమెది ఆయా ఉద్యోగం. పెద్ద గది, కింద చాపలు, మూల ఊయలలు. కొత్తగా చేరిన ఆయాలు ఏడ్చే పిల్లల దగ్గరికి పరిగెడతారు. ఆమె మాత్రం ఏడుపు ఆగిన పిల్ల వైపు ముందు చూస్తుంది. ఏడ్చేవాడికి ఏడవడానికి సత్తువైనా ఉంది. ఒకసారి ఒక బుజ్జిది పొద్దంతా గొంతు చించుకుని ఏడ్చి, ఉన్నట్టుండి ఊరుకుంది, అందరూ అమ్మయ్య అనుకున్నారు. ఆమె వెళ్ళి ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేసింది. ఊరుకోవడాలన్నీ ఒకటి కావని ఆమెకు ఎవరూ నేర్పలేదు, చేతులకే తెలిసింది. మరి ఆ చేతులు ఇవాళ పొద్దున్నుంచి ఏం చేస్తున్నాయి? జోడించుకుని ఉన్నాయి. ఛ, అదేం మాట, జోడించడం తప్పా? తప్పు కాదు. కానీ జోడించిన చేతులతో ఎవర్నీ ముట్టుకోలేదు కదా.

"ఏమండీ."

"ఊఁ."

"కడుపు ఉబ్బినట్టుంది."

"బానే ఉంది." కళ్ళు తెరవలేదు. మెల్లగా, "డాక్టరొస్తే తగ్గిందని చెప్పు. ఇంకేం చెప్పకు."

"నొప్పి లేదా?"

"లేదు. నిజంగానే లేదు." ఆ మాట అబద్ధంలా లేదు, అదే ఆమెను ఇంకా భయపెట్టింది. "ఇదిగో, విను. పేగు తీస్తే పొట్టకి సంచి తగిలిస్తారు. నా పని మనుషుల ముఖాల మీదికి వంగి చేసేదే. వాసన రాదంటారు, నాకు వచ్చినట్టే ఉంటుంది. నేను వంగలేను. రెండు రోజులు ఊరుకుంటే ఇదే సర్దుకుంటుంది. నువ్వు నోరెత్తకు."

ఆయన అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నాలుగు అనే మనిషి ఇన్ని మాటలు పోగుచేసుకున్నాడంటే ఎంత భయపడ్డాడో. నోరెత్తకు అన్నాడు. భర్త మాట జవదాటకూడదని అమ్మ చెప్పింది, ప్రాణం మీదికి వస్తే ఏం చెయ్యాలో అమ్మ చెప్పలేదు. ప్రాణం మీదికి వచ్చిందా అసలు? ఎవరన్నారు? చప్పుడు లేదు, రక్తం లేదు, నొప్పి లేదు, జ్వరం లేదని పొద్దున్న నర్సే రాసుకుంది. ఉన్నదల్లా ఒక బొందు గీత, ఒక మెడ నరం. ఈ రెండూ పట్టుకుని వెళ్ళి, నా మొగుడికి తగ్గలేదని నేనే చెప్పాలా? తగ్గలేదంటే వాళ్ళు కోస్తారు. తగ్గిందంటే వదిలేస్తారు. నేనే అడిగి తెచ్చుకున్న మంచిని నేనే తీసుకెళ్ళి వాపసు ఇచ్చినట్టు కాదా, ఇది వద్దు తండ్రీ అని? లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. కాళ్ళు వరండాలోకి నడిచాయి. తనే నడిచిందని ఆమె అనుకోలేదు.

వదిన ఫోను పక్కన పెట్టి, "ఎక్కడికే?" అంది.

"సిస్టర్ దగ్గరికి. పొట్ట ఉబ్బింది వదినా, గట్టిగా ఉంది."

"ఉబ్బదా మరి, రోజుల తరబడి మంచానికి అంటుకుపోతే. ఇప్పుడిప్పుడే వాడి ప్రాణం కుదుటపడింది. నువ్వెళ్ళి వాళ్ళ చెవిలో ఏదో ఊదితే వాళ్ళు ఊరుకుంటారా? కత్తి పట్టుకున్నవాడికి అంతా కోసేదిలాగే కనిపిస్తుంది. మంచి జరుగుతుంటే కీడు శంకించకూడదమ్మా."

"జరుగుతోంది మంచో కాదో తెలియట్లేదు వదినా."

"నీకు తెలియకపోతే దేవుడికి తెలుసులే, కూర్చో."

దేవుడికి తెలుసు. అవును. తెలుసు కనుకనే నా చేతిని ఆ పొట్ట మీద పెట్టించాడేమో. లేకపోతే ఇది కూడా నేను కల్పించుకుంటున్నానా? నాకు నచ్చినప్పుడు దయ, భయమేసినప్పుడు హెచ్చరిక, ఏదైనా ఆయనదే అని. ఆలోచన పూర్తి కాకుండానే నర్సుల బల్ల వచ్చేసింది. ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఆమెకే వింతగా వినిపించింది. "సిస్టర్, ఒకసారి రండమ్మా. మా ఆయన తెల్లారినప్పటి నుంచి బాత్రూంకి వెళ్ళలేదు."

నర్సు నవ్వుతుందనుకుంది, మంచిదేగా ఆంటీ అంటుందనుకుంది. నవ్వలేదు. చేతిలో కలం కింద పెట్టింది. "ఒక్కసారి కూడానా? గ్యాస్ పోతోందా?" ఆమె తల అడ్డంగా ఊపేలోపే నర్సు మంచం వైపు నడిచింది.

ఆ తర్వాత అన్నీ ఒకదాని మీద ఒకటి. నర్సు నాడి పట్టుకుంది, గోడ గడియారం చూస్తూ పెదవి బిగించింది. చిన్న డాక్టరమ్మ పరుగున వచ్చింది, ఆ పిల్ల చెవుల్లో గొట్టాలు పెట్టుకుని పొట్ట మీద ఒక చోట వింది, ఇంకో చోట వింది, మళ్ళీ మొదటి చోటికే వచ్చి వింది. గదంతా ఆ పిల్ల వినడాన్ని వింటూ ఉంది. పక్క మంచం పెద్దాయన రేడియో కట్టేశాడు. భర్త కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. కోపం కాదు. నడివీధిలో చెయ్యి వదిలేస్తే పిల్లలు చూస్తారే, ఆ చూపు. ఆమె తల దించుకుంది. మంచం దగ్గరికే ఎక్స్‌రే బండి తెచ్చారు, బయటికి వెళ్ళమన్నారు, లోపలికి రమ్మన్నారు. పెద్ద డాక్టరు రావలసిన వేళకు ముందే వచ్చాడు, ఆయనతో ఇంకొకాయన, సర్జనట, మాట తక్కువ మనిషి. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. నల్లగా, లావుగా, పొట్టకు అడ్డంగా ఒక గొట్టం. అది పేగట. ఊదిన బుడగలా ఉంది.

"సార్లు తగ్గాయని జబ్బు తగ్గినట్టు కాదమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు. "వాపు లోపలి పొర దాటి లోతుకు దిగినప్పుడు పేగు కదలడం మానేస్తుంది. కదలకపోతే ఏదీ బయటికి రాదు. అందుకే వెళ్ళలేదు. పేగు ఉబ్బుతూ పోతోంది, చిల్లు పడితే చెయ్యి దాటిపోతుంది. మేమిచ్చే సూదిమందు నొప్పిని, జ్వరాన్ని కూడా కప్పేస్తుంది. అందుకని ఆయనకు బాగున్నట్టు అనిపించింది."

"మరి దేన్ని చూసి తెలుసుకోవాలండీ మేము?"

అడిగినందుకు కసురుతాడనుకుంది. ఆయన ఫిల్ము దించాడు. "ఒక్కదాన్ని చూసి కాదు. నాడి, రక్తం, పొట్ట, ఎక్స్‌రే, మనిషి ముఖం, అన్నీ. అన్నీ చూసినా ఒక్కోసారి మేమూ తప్పుతాం. ఇవాళ మీరు పిలిచారు కాబట్టి ఇంకా వేళ మించలేదు. ఇక ఆగకూడదు. ఇప్పుడే ఆపరేషన్‌కు తీసుకెళ్దాం."

వదిన గోడకు ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. జీవితంలో మొదటిసారి ఆవిడకు గొంతు రాలేదు. ఆమె వెళ్ళి వదిన భుజం పట్టుకుంది. ఏడుపు రావడం లేదు. అడిగింది ఇచ్చాడా దేవుడు? ఇచ్చాడు. సార్లు తగ్గించమంది, తగ్గించాడు. అయితే ఆ మాటను అలా పట్టుకునేవాడా ఆయన, కొట్టువాడిలా, అడిగింది తూచి ఇచ్చి నీ ఖర్మ అనేవాడా? కాదు, అలాంటివాడు కాదు, ఇన్నేళ్ళుగా తనకు తెలిసినవాడు అలాంటివాడు కాదు. అయితే ఆ తగ్గడం ఆయనది కాదేమో. పొట్ట మీద పడ్డ చెయ్యి ఆయనదేమో. లేదా రెండూ ఆయనవి కావేమో, పేగు పేగు పని చేసిందేమో, చెయ్యి చెయ్యి పని చేసిందేమో, ఆయన ఎక్కడో కూర్చుని తనలాగే ఏమవుతుందో అని చూస్తున్నాడేమో. అమ్మో, ఆ ఆలోచన వద్దు. ఇప్పుడు మళ్ళీ ఏం అడగాలి? బతికించు అని అడిగితే ఎలా బతికించమన్నట్టు? కోతలేకుండా అని అడగడానికి వేళ లేదు. సంచి లేకుండా అని అడగడానికి నోరు రాలేదు. చేతులు జోడించబోయింది, నర్సు అదే సమయానికి ఒక పక్క పట్టుకోమని ఆమె చేతికి దుప్పటి కొస అందించింది. ఇద్దరు మనుషులు అటు, నర్సూ తనూ ఇటు, ఆయన్ని ఎత్తి స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. ఎంత తేలికైపోయాడు, ఆ పొట్ట ఒక్కటే బరువు.

చక్రాలు కదిలాయి. ఆమె కమ్మీ పట్టుకుని పక్కన నడిచింది. పైన దీపాలు ఒక్కొక్కటే ఆయన ముఖం మీదుగా వెళ్తున్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు, తన మీద కోపంగా ఉన్నాడో లేడో తెలియడం లేదు, అడగడానికి ధైర్యం చాలడం లేదు. చెయ్యి కమ్మీ బయటికి వేలాడుతోంది. వార్డు చివర వెడల్పాటి తలుపుల దగ్గర బండి లాగేవాళ్ళు వేగం తగ్గించారు.

"ఇదిగో," అన్నాడు. "ఇంతకీ నాకు ఎక్కువైందా, తగ్గిందా?"

ఆమె ముందున్న తలుపుల వైపు చూసింది.

"తెలియదండీ," అంది. "గడప ఎత్తుగా ఉంది, చెయ్యి లోపల పెట్టుకోండి."

ఆయన చెయ్యి లోపలికి తీసుకున్నాడు.